కొత్తవాళ్ళ మధ్య మర్యాద

మర్యాదలో రెండు పాళ్ళున్నాయి. ఎదుటి మనిషిని గుర్తించడం మొదటిది: పలకరించడం, కుశలమడగడం, కూర్చోమనడం, వెళ్ళేటప్పుడు గుమ్మం దాకా వచ్చి సాగనంపడం. ఎదుటి మనిషికి అడ్డం రాకుండా ఉండడం రెండోది: అతని వంతును, సమయాన్ని, నిద్రను, సొంత విషయాలను అతనికే వదిలేయడం. భాషా పరిశోధకులు పెనెలపీ బ్రౌన్, స్టీఫెన్ లెవిన్సన్ 1978లో తొలిసారి ప్రచురించిన సుదీర్ఘ వ్యాసంలో ఈ రెండింటినీ విడదీసి చూపారు. ఇంగ్లీషుతోనూ మెక్సికోలోని ట్జెల్టల్ భాషతోనూ పాటు తమిళాన్ని కూడా వాళ్ళు పరిశీలించారు. మనిషికి నలుగురిలో ఆదరణ కావాలి, తన దారిన తనను పోనిచ్చే వెసులుబాటూ కావాలి; ఎక్కడి మర్యాదైనా ఈ రెండు అవసరాల చుట్టూనే అల్లుకుంటుందని వాళ్ళ వాదన.

మొదటి పాలులో తెలుగువాళ్ళు ఏనాడో ఆరితేరారు. ఇంటికి వచ్చినవాళ్ళకు అడక్కుండానే మంచినీళ్ళు అందుతాయి. పేరంటానికి ఇంటింటికీ వెళ్ళి బొట్టు పెట్టి పిలుస్తారు. పంక్తి భోజనంలో కొసరి వడ్డిస్తారు, పక్కవాళ్ళు ముగించేదాకా విస్తరి ముందు నుంచి లేవరు. బయల్దేరిన మనిషిని ‘ఎక్కడికి’ అని అడగడం మంచిది కాదని ‘ఎందాకా’ అంటారు. సెలవు తీసుకునే మనిషి ‘వెళ్తున్నాను’ అనడు, ‘వెళ్ళొస్తాను’ అంటాడు. తెలుగువాళ్ళకు థాంక్స్ చెప్పే అలవాటు లేదని కొందరు తప్పుపడతారు. అది సరైన అంచనా కాదు. ‘మీకెందుకండీ ఇంత శ్రమ’, ‘నీ మేలు మరిచిపోను’, ‘చల్లగా ఉండు నాయనా’ అనే మాటలు ఆ పనిని ఎప్పటినుంచో చేస్తున్నాయి.

రెండో పాలు అంతగా పెరగలేదు. వరుసను తప్పించి ముందుకు పోవడం, ఇద్దరు మాట్లాడుకుంటుంటే మధ్యలో దూరడం, జీతమెంత అని అడగడం పల్లెలో పెద్ద తప్పులుగా ఎవరూ లెక్కపెట్టలేదు. అక్కడ అందరికీ అందరూ తెలుసు. ఈ రోజు తోసుకుంటూ ముందుకు పోయినవాడు రేపు అదే మనిషి ఇంటికి నిచ్చెన కోసమో మజ్జిగ కోసమో వెళ్ళక తప్పదు. ఆ ఎరికే మనుషుల్ని హద్దులో ఉంచేది. ఇప్పుడు తెలుగు మనిషి రోజులో చాలా భాగాన్ని తనకు పేరు కూడా తెలియనివాళ్ళ మధ్య గడుపుతున్నాడు: సిటీ బస్సులో, మెట్రోలో, అపార్టుమెంటు లిఫ్టులో, ఆస్పత్రి ఓపీ దగ్గర, ఫోన్ తెర మీద. అందువల్ల మర్యాద తగ్గిపోయిందన్న ఫిర్యాదులో రెండు వేరు వేరు సంగతులు కలిసిపోయి ఉన్నాయి. తెలిసినవాళ్ళ మధ్య ఉండే మన్నన కొంత కరిగిన మాట నిజమే. తెలియనివాళ్ళ మధ్య ఎలా మెలగాలో చాలామందికి ఎవరూ నేర్పలేదన్నది అంతకంటే పెద్ద సంగతి. ఈ అధ్యాయం ముఖ్యంగా ఆ రెండోదాని గురించి.

పోవలసినవి పోయాయి

వెనకటి రోజుల్లో పెద్దలంటే ఎంత భయభక్తులు ఉండేవో అని చెప్పుకునేటప్పుడు, ఆ గౌరవం ఎవరికి దక్కేది, ఎవరికి దక్కేది కాదు అన్న ప్రశ్న కూడా వేసుకోవాలి. నిజాం కాలపు తెలంగాణ పల్లెల్లో వెట్టి చేసే మనిషి దొర ముందు ‘నీ బాంచన్, కాల్మొక్త’ అంటూ వంగేవాడు. అది మర్యాద కాదు, ప్రాణభయం. 1946 నుంచి 1951 దాకా సాగిన సాయుధ పోరాటం ఎదిరించిన వాటిలో ఆ వంగుబాటు కూడా ఉంది. కోస్తాలోనూ రాయలసీమలోనూ ఎన్నో ఊళ్ళలో దళితులు పై కులాల వీధి దాటాలంటే చెప్పులు విప్పి చేత పట్టుకోవలసి వచ్చేది. తాత వయసున్న పాలేరును పదేళ్ళ పిల్లవాడు ‘ఒరేయ్’ అని పిలిచేవాడు. ఆ పిల్లవాడికి బదులుగా ‘అయ్యా’ అన్న మాట అందేది. టీకొట్లలో రెండు గ్లాసుల పద్ధతి చాలా కాలం నడిచింది.

1950 జనవరి 26న అమల్లోకి వచ్చిన రాజ్యాంగం 17వ అధికరణంతో అంటరానితనాన్ని రద్దు చేసింది. దుకాణం, హోటలు, బావి, చెరువు, స్నానఘట్టం దగ్గర కులం పేరుతో ఎవరినీ అడ్డుకోకూడదని 15వ అధికరణం చెప్పింది. దళితులను, ఆదివాసులను నలుగురి ముందు కావాలని అవమానించడం 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టంతో నేరమైంది. మనిషిని మనిషిగా చూడమని చెప్పడానికి ఇన్ని చట్టాలు అవసరమైన సమాజంలో, పాత మర్యాదను స్వర్ణయుగంలా వర్ణించడం ఆ మర్యాద అందనివాళ్ళకు చేసే అన్యాయం.

ఆడవాళ్ళ సంగతీ అంతే. మగవాళ్ళందరూ తిన్నాక మిగిలింది తినడం, మామగారు వస్తే అరుగు మీంచి లేచి లోపలికి తప్పుకోవడం, ‘ఏమే’ అన్న పిలుపుకు పలకడం కోడలి వినయంగా చెలామణి అయ్యాయి. ఆ వినయానికి బదులుగా ఆమెకు దక్కిన మన్నన చాలా తక్కువ.

కాబట్టి హోదాకు తలవంచే అలవాటు సడలడాన్ని దిగజారుడుగా లెక్కపెట్టకూడదు. అసలు లోపం దాని తర్వాత జరిగినదానిలో ఉంది. పెద్ద, చిన్న అనే మెట్లు వదులైన చోట అందరికీ సమానమైన మన్నన వచ్చి చేరలేదు. కులం చూసి మాటతీరు మార్చే అలవాటు పూర్తిగా పోకముందే, కారు చూసి, ఉద్యోగం చూసి, మాట్లాడే ఇంగ్లీషు చూసి మార్చే అలవాటు దానికి తోడైంది. బ్యాంకులో సూటు వేసుకున్న కుర్రవాడికి ‘సార్, కూర్చోండి’ అన్న నోరే, పక్కన పాస్‌బుక్కు పట్టుకుని నిలబడ్డ రైతును ‘ఏం కావాలి నీకు’ అంటుంది. ఇద్దరూ ఖాతాదారులే.

తొందర, తెర

మంచివాళ్ళు కూడా అమర్యాదగా ప్రవర్తించడానికి అన్నిటికన్నా మామూలు కారణం తొందర. 1973లో అమెరికా మనోవిజ్ఞానవేత్తలు జాన్ డార్లీ, డేనియల్ బ్యాట్సన్ ప్రిన్స్‌టన్‌లోని క్రైస్తవ మతవిద్య చదివే 40 మంది విద్యార్థుల మీద చేసిన ఒక ప్రయోగాన్ని ప్రచురించారు. ప్రసంగం చేయడానికి పక్క భవనానికి వెళ్ళమని వాళ్ళకు చెప్పారు. కొందరికి ఇచ్చిన ప్రసంగ విషయం, దారిలో పడి ఉన్న బాటసారిని ఆదుకున్న మంచి సమరయుని కథే. దారిలో ఒక మనిషి మూలుగుతూ, దగ్గుతూ కూలబడి ఉంటాడు. తీరిగ్గా వెళ్ళమన్నవాళ్ళలో 63 శాతం ఆగి సాయపడ్డారు. ఆలస్యమైపోయింది, పరుగెత్తమన్నవాళ్ళలో ఆగింది 10 శాతమే. ప్రసంగ విషయం సాయం గురించే అయినా, కాకపోయినా పెద్ద తేడా రాలేదు. ఆగడమా, సాగిపోవడమా అన్నదాన్ని స్వభావం కన్నా ఎక్కువగా చేతిలో ఉన్న సమయమే తేల్చింది.

ఆ ఫలితాన్ని మర్యాద నేర్చుకోదలచినవాళ్ళు అక్షరాలా వాడుకోవాలి. ఉదయం పదిహేను నిమిషాలు ముందు బయల్దేరిన మనిషి సిగ్నల్ దగ్గర హారన్ మోగించడు, ఆటో అతని మీద అరవడు, లిఫ్టు తలుపు మూసుకుంటుంటే పరుగున వస్తున్న పక్కింటావిడ కోసం చెయ్యి అడ్డం పెడతాడు. తెల్లవారి లేచింది మొదలు ఆలస్యంగానే నడిచే మనిషి ఎంత మంచి పుస్తకం చదివినా వీటిలో ఏదీ చేయలేడు. సంస్కారానికి సంబంధించిన చాలా సమస్యలు నిజానికి గడియారానికి సంబంధించినవి.

రెండో కారణం తెర. 2016 సెప్టెంబరులో జియో వచ్చాక డేటా చవకై, ఊరూరా ప్రతి చేతిలోకీ ఇంటర్నెట్ చేరింది. కోట్లమంది ఒక్కసారిగా ముక్కూమొహం తెలియని మనుషులతో మాట్లాడడం మొదలుపెట్టారు. ఎదుటి మనిషి ముఖం కనిపించనప్పుడు, తన పేరు బయటపడనప్పుడు, అన్న మాటకు వెంటనే జవాబు ఎదురుకానప్పుడు నోటి కట్టుబాటు ఎలా వదులవుతుందో జాన్ సులర్ అనే మనోవిజ్ఞానవేత్త 2004లోనే వివరించాడు. హీరోల అభిమానుల గొడవల్లోనూ, రాజకీయ పోస్టుల కింద కామెంట్లలోనూ రోజూ జరుగుతున్నది అదే. ఎదురుపడితే ‘అన్నా, బాగున్నావా’ అనే కుర్రవాడే అక్కడ అవతలివాళ్ళ తల్లినీ చెల్లినీ తిడతాడు. ఎదుటివాళ్ళ కళ్ళలో నీళ్ళు అతనికి కనిపించవు.

మూడో కారణం పై నుంచి దిగుతున్న నమూనా. చట్టసభల్లో, టీవీ చర్చల్లో ఒకరి మాట ఒకరు విననివ్వకుండా అరవడం, ప్రత్యర్థిని ఏకవచనంతో సంబోధించడం ఇప్పుడు ధైర్యంగా చెలామణి అవుతోంది. పిల్లలు దాన్ని రోజూ రాత్రి ఎనిమిదింటికి హాల్లో కూర్చుని చూస్తున్నారు.

మాట కరుకైతే చేతికి వచ్చే నష్టం

అమర్యాద మనసును నొప్పించడంతో ఆగిపోదని చూపిన పరిశోధనల్లో ఇజ్రాయెల్‌లో జరిగి 2015లో పీడియాట్రిక్స్ పత్రికలో వచ్చినది గుర్తుపెట్టుకోదగ్గది. నెలలు నిండని పిల్లలకు చికిత్స చేసే 24 వైద్య బృందాలకు ఒక శిక్షణ ఏర్పాటు చేశారు. పేగు దెబ్బతిని పరిస్థితి విషమిస్తున్న పసిబిడ్డ కేసు అది. బిడ్డ బొమ్మ, చికిత్స మాత్రం అచ్చంగా జరిగేదే. కొన్ని బృందాలతో విదేశీ నిపుణుడొకరు ఇక్కడి వైద్యం తనకు అంతగా నచ్చలేదన్నట్టు చులకనగా మాట్లాడాడు. మిగతా బృందాలతో మామూలుగా మాట్లాడాడు. చులకన మాట విన్న బృందాలు రోగనిర్ధారణలోనూ, చికిత్స చేతల్లోనూ స్పష్టంగా వెనకబడ్డాయి. ఒకరినొకరు అడగడం, సమాచారం పంచుకోవడం వాళ్ళలో తగ్గిపోయింది. కేకలు వేయలేదు, తిట్లు లేవు. కాస్త చులకన చాలింది.

వార్డులో నర్సును అందరి ముందు గద్దించే డాక్టరు, నర్సు మీద విరుచుకుపడే రోగి బంధువు, సైట్లో మేస్త్రీని బూతులు తిట్టే ఇంజనీరు తమ పని తామే చెడగొట్టుకుంటున్నారు. భయపడిన మనిషి తనకు కనిపించిన తప్పును పైకి చెప్పడు. ఆస్పత్రిలో ఆ మౌనం ఖరీదు ఒక ప్రాణం కావచ్చు.

పిలుపు

తెలుగులో నోరు విప్పగానే ఎదుటి మనిషి స్థానం తేలిపోతుంది. వాడు, అతను, ఆయన, వారు అని మగవాళ్ళకు నాలుగు మెట్లు. ఆడవాళ్ళకు అది, ఆమె, ఆవిడ, వారు. నువ్వు, మీరు, తమరు సరేసరి. ఏది వాడాలో ప్రతి వాక్యంలోనూ నిర్ణయించుకోవలసిందే. ఎటూ తేల్చకుండా దాటేయడానికి వీలు లేదు. అందుకే కొత్తవాళ్ళతో వ్యవహారంలో మొదట చక్కదిద్దుకోవలసింది పిలుపునే.

పాటించదగ్గ పద్ధతి సులువైనది. పరిచయం లేని పెద్దవాళ్ళెవరైనా, వాళ్ళ బట్టలు ఏవైనా, పని ఏదైనా, మొదటి మాట ‘మీరు’తోనే మొదలవ్వాలి. కూరగాయల బండి ఆవిడ, వాచ్‌మన్, ట్యాక్సీ డ్రైవరు, కలెక్టరు అందరికీ అదే. తర్వాత చనువు పెరిగి ఇద్దరూ నువ్వులోకి దిగితే అది వేరు. ఒకరు ‘మీరు’ అంటుంటే రెండోవారు ‘నువ్వు’ అంటూ పోవడం పెద్ద వయసు తేడా ఉంటే తప్ప పొసగదు.

అయితే ఇక్కడ ప్రాంతాల తేడాను మరవకూడదు. తెలంగాణ పల్లెల్లో తల్లిదండ్రులను, పెద్దలను సైతం ‘నువ్వు’ అనడం మామూలు. అక్కడ గౌరవం వరస పిలుపులో ఉంటుంది: అన్నా, అక్కా, బాపూ, పెద్దమ్మా. ‘ఏడికి పోతున్నవ్ అన్నా’ అన్న మాటలో లోటేమీ లేదు. కోస్తా చెవితో విని దాన్ని అమర్యాదగా జమకట్టడం చాలాకాలంగా జరుగుతున్న తప్పు, అది ఎంతోమందిని అకారణంగా నొప్పించింది. యాసను బట్టి సంస్కారాన్ని కొలవడం స్వయంగా ఒక అమర్యాద.

వరస పిలుపుకూ ఒక జాగ్రత్త ఉంది. నలభై దాటని స్త్రీని దుకాణంలో, ఆఫీసులో ఆంటీ అంటే చాలామంది నొచ్చుకుంటారు. అమ్మా, అక్కా, మేడమ్ అన్నవాటిలో ఏదైనా నడుస్తుంది. మనిషి అక్కడే ఉండగా ‘అది చెప్పింది’, ‘వీడు తెచ్చాడు’ అనడం ఇంటి బయట ఎవరి గురించైనా మానుకోదగ్గ అలవాటు. పేరు తెలిస్తే పేరుతో పిలవడం అన్నిటికన్నా మేలు. ఎనిమిదేళ్ళుగా ఒకే అపార్టుమెంటులో పనిచేస్తున్న మనిషి పేరు అక్కడి కుటుంబాలకు తెలియకపోవడం అరుదు కాదు, అది సిగ్గుపడవలసిన విషయం.

పనిచేసే మనుషులు

ఒక మనిషి మర్యాదను అంచనా వేయడానికి అతను అధికారితో ఎలా మాట్లాడతాడో చూడనక్కర్లేదు, అక్కడ అవసరమే వినయం నేర్పుతుంది. తనకు ఎదురు చెప్పలేని మనిషితో ఎలా ఉంటాడో చూడాలి. నగరంలో అలాంటి మనుషులు రోజుకు పదిమంది తారసపడతారు.

పార్సిల్ తెచ్చే కుర్రవాడికి దారి కనిపించకపోతే ఫోన్ చేస్తాడు. మ్యాప్‌లో గుర్తు తప్పుగా పెట్టింది ఇంటివాళ్ళే అయినా కోపం అతని మీదే పడుతుంది. అతనికి ఒక్కో ఆర్డరుకు ఇంత అని వస్తుంది, ఆలస్యమైన ప్రతి నిమిషమూ అతని సంపాదనలోంచే పోతుంది. ఇంటి గుర్తులు రెండు ముక్కల్లో ముందే రాసి పెట్టడం, తలుపు తీసి ముఖం చూసి తీసుకోవడం, ఎండాకాలం మధ్యాహ్నం మంచినీళ్ళు కావాలా అని అడగడం పెద్ద పనులేమీ కావు. వాన ముంచుకొస్తున్నప్పుడు అత్యవసరం కానిదాన్ని ఆర్డరు చేయకపోవడం కూడా ఇందులోకే వస్తుంది.

పనిమనిషికి వేరే గ్లాసు, వేరే పళ్ళెం ఇప్పటికీ ఎన్నో చదువుకున్న ఇళ్ళలో ఉన్నాయి. వంటింట్లోని పళ్ళేలన్నీ తోమేది ఆమె చేతులే అయినప్పుడు ఆ వేరు పళ్ళేనికి శుభ్రతతో సంబంధం లేదు. పాత రెండు గ్లాసుల పద్ధతే అపార్టుమెంటులోకి మారింది. పనివాళ్ళు పెద్ద లిఫ్టు ఎక్కకూడదని కొన్ని గేటెడ్ కమ్యూనిటీల్లో పెట్టుకునే నిబంధన కూడా ఆ కోవలోదే. వాటిని తీసేయడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, రెసిడెంట్స్ అసోసియేషన్ సమావేశంలో ఒకరు లేచి మాట్లాడితే మొదలవుతుంది. జీతం నెల మొదటి తేదీన అడిగించుకోకుండా ఇవ్వడం, జ్వరం వచ్చిన రోజు జీతం కోయకపోవడం, రేపు బంధువులొస్తున్నారంటే ఇవాళే చెప్పడం ఆమె పట్ల చూపవలసిన మన్నన. తీయగా మాట్లాడి పదో తేదీ దాకా తిప్పించుకునే ఇంట్లో మర్యాద ఉన్నట్టు కాదు.

చెత్త తీసుకెళ్ళే మనిషితో చాలామందికి ముఖపరిచయమే ఉండదు. ఆ మనిషి పట్ల గౌరవం సంచిలో కనిపిస్తుంది. పగిలిన గాజును, వాడిన బ్లేడును, సూదిని కాగితంలో దట్టంగా చుట్టి పైన రాయకపోతే అది ఆ చేతినే కోస్తుంది. 2016 నాటి ఘన వ్యర్థాల నిర్వహణ నియమాలు తడి చెత్తను, పొడి చెత్తను, ఇళ్ళలోని ప్రమాదకర చెత్తను వేరు చేయాలని, శానిటరీ ప్యాడ్లు, డైపర్ల వంటివాటిని చుట్టి ఇవ్వాలని చెప్పాయి. మనిషి ఎదురుగా లేనప్పుడు కూడా అతని చేతుల గురించి ఆలోచించడం కొత్తవాళ్ళ పట్ల మర్యాదలో అత్యున్నతమైనది.

వరుస, చప్పుడు, దారి

వీటిని గురించి పెద్దగా చర్చించాల్సింది లేదు, పాటించాల్సిందే ఉంది. దిగేవాళ్ళు దిగాకే ఎక్కాలి. వరుసలో ఒకరు నిలబడి వెనక నలుగురికి చోటు పట్టి ఉంచకూడదు. తెలిసిన గుమస్తా ఉన్నాడని పక్క కిటికీ నుంచి కాగితం అందించడం చాకచక్యం కాదు, వరుసలో ఉన్న ప్రతి ఒక్కరి సమయాన్నీ దొంగిలించడం.

బస్సులో, రైల్లో ఇయర్‌ఫోన్ లేకుండా వీడియోలు పెట్టడం ఇటీవలి అలవాట్లలో అతి చికాకైనది. 2000 నాటి శబ్దకాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బహిరంగ స్థలాల్లో లౌడ్‌స్పీకర్లు వాడకూడదు. కొన్ని పండుగ రోజులకు మాత్రం ప్రభుత్వం పరిమితంగా సడలింపు ఇవ్వవచ్చు. నివాస ప్రాంతాల్లో శబ్దపు హద్దు పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45. పెళ్ళి ఊరేగింపులో డీజే ఈ హద్దును ఎన్నో రెట్లు దాటుతుంది. పక్క వీధిలో బాలింతరాలు, పరీక్షకు చదివే పిల్ల, గుండెజబ్బు మనిషి ఉంటారన్న ఆలోచన ఆ ఉత్సాహంలో ఎవరికీ రాదు. పెళ్ళి పెద్దల్లో ఒకరికైనా రావాలి.

అంబులెన్సుకు దారి ఇవ్వకపోతే 2019 నాటి మోటారు వాహన సవరణ చట్టం ప్రకారం 10,000 రూపాయల జరిమానా పడవచ్చు. ప్రమాదంలో గాయపడ్డవాళ్ళను సదుద్దేశంతో ఆదుకున్న మనిషిని కేసుల్లో ఇరికించకుండా అదే చట్టం రక్షణ ఇచ్చింది. ఇది తెలియక దూరంగా నిలబడేవాళ్ళున్నారు. ఫోన్ తీసి వీడియో తీసేవాళ్ళు మాత్రం తెలియక చేయడం లేదు. రక్తమోడుతున్న మనిషిని చిత్రించి పంచడం అతని పట్ల, ఆ వీడియోలో అతన్ని గుర్తుపట్టబోయే భార్యాబిడ్డల పట్ల చేసే క్రూరత్వం.

ఇంట్లో

బయట మర్యాదగా ఉండి ఇంట్లో విసుక్కోవడం ఎంత సాధారణమో, అంత నష్టం కూడా. ఆఫీసులో పది ఫోన్లకు ఓపిగ్గా బదులిచ్చిన గొంతు, అమ్మ రెండోసారి అడగ్గానే ‘చెప్పాను కదా’ అని కసురుతుంది. 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం పిల్లల నుంచి నెలనెలా భరణం ఇప్పించడానికి ట్రిబ్యునళ్ళను ఏర్పరచింది. కూడు పెట్టించగల చట్టం ఉంది, పక్కన కూర్చోబెట్టించగల చట్టం లేదు.

పెద్దవాళ్ళకు ఇవ్వవలసిన గౌరవంలో పాదాభివందనం కన్నా ముందు వచ్చేది వాళ్ళ మాటను వాళ్ళనే చెప్పనివ్వడం. డాక్టరు ముందు తల్లి కుర్చీలో కూర్చుని ఉండగా కొడుకు ‘ఈవిడకు రాత్రుళ్ళు నిద్ర పట్టదు’ అంటాడు, డాక్టరూ కొడుకుతోనే మాట్లాడతాడు. ఆమె తన ఒంటి సంగతి తానే చెప్పగలదు. ఇల్లు అమ్మడం, ఊరు మారడం, ఆపరేషన్ చేయించుకోవడం లాంటివి నిర్ణయమైపోయాక తెలియజేయడం కాకుండా, ముందే అడగాలి. చెవి సరిగ్గా వినిపించని మనిషి ఉన్న చోట అందరూ నవ్వుతుంటే, ఎందుకు నవ్వారో ఒకరు దగ్గరకు వెళ్ళి చెప్పాలి.

పెద్దవాళ్ళకూ చిన్నవాళ్ళ పట్ల ఇంతే బాధ్యత ఉంది, దీన్ని తెలుగు ఇళ్ళలో ఎవరూ గట్టిగా చెప్పరు. పెళ్ళిళ్ళలో, పేరంటాల్లో వినిపించే ప్రశ్నలను ఒకసారి వరసగా తలుచుకుంటే చాలు. జీతమెంత, పెళ్ళెప్పుడు, విశేషమేమైనా ఉందా, ఇంకా ఏమీ లేదా, ఇంత నల్లబడ్డావేమిటి, లావయ్యావేమిటి, మా వాడికి ఇన్ని మార్కులొచ్చాయి, నీకెన్ని. అడిగేవాళ్ళలో చాలామందికి చెడు ఉద్దేశం ఉండదు, వాళ్ళకది ఆప్యాయత. కానీ మూడేళ్ళుగా పిల్లల కోసం ఆస్పత్రుల చుట్టూ తిరుగుతున్న దంపతులు ఆ ఒక్క ప్రశ్నకు భయపడి పెళ్ళికి రావడమే మానేస్తారు. ఒంటి గురించి, సంతానం గురించి, సంపాదన గురించి ఎదుటివాళ్ళు తామే మాట ఎత్తితే తప్ప అడగకూడదు. ‘ఎలా ఉన్నావు, ఈమధ్య ఏం చేస్తున్నావు’ అంటే చాలు, చెప్పదలచుకున్నవి వాళ్ళే చెబుతారు.

పిలుపుల తీరు మారింది. శుభలేఖ వాట్సాప్‌లో వస్తోంది, దానికి నొచ్చుకునేవాళ్ళు చాలామందే ఉన్నారు. నగరంలో రెండొందల ఇళ్ళకు తిరగడం ఎవరి తరమూ కాదు. సందేశంతో పాటు ఒక ఫోన్ చేసి, పేరు పెట్టి రమ్మంటే లోటు తీరుతుంది. అందరికీ కలిపి గ్రూపులో ఒకే సందేశం పెట్టడం మాత్రం పిలుపు కిందకు రాదు. చావు కబురు విన్నప్పుడు కూడా చేతులు జోడించిన బొమ్మ పెట్టి ఊరుకోకూడదు. వెళ్ళగలిగితే వెళ్ళాలి, వెళ్ళి ఎలా పోయారని మొదటి నుంచి మళ్ళీ చెప్పించుకోకుండా, కాసేపు కూర్చుని, భోజనం పంపాలా అని అడిగి రావాలి.

నేర్పడం, నిలబడడం

పిల్లలు మర్యాదను ఉపదేశంతో నేర్చుకోరు. ‘అంకుల్‌కి నమస్తే పెట్టు’ అని నలుగురిలో పిల్లవాడిని ఒత్తిడి చేసే తండ్రి, లిఫ్టులో వాచ్‌మన్ పెట్టిన నమస్తేకు తానే బదులివ్వకపోతే పిల్లవాడికి అందే పాఠం స్పష్టమే: నమస్తే పెద్దవాళ్ళకు మాత్రమే. పిల్లలతో కూడా పెద్దలు తప్పు జరిగితే తప్పని ఒప్పుకోవాలి, వాళ్ళు చెప్పేది సగంలో తుంచకూడదు, గదిలోకి వెళ్ళేముందు తలుపు తట్టాలి. భోజనాల దగ్గర ఫోన్ పక్కన పెట్టే నియమం పెడితే అది తాతకు, తండ్రికి కూడా వర్తించాలి.

క్షమాపణ చెప్పే తీరునూ నేర్పాలి. ‘నీకు బాధ కలిగి ఉంటే సారీ’ అనడంలో తప్పు ఎదుటివాళ్ళ సున్నితత్వానిదే అన్న ధ్వని ఉంది. చేసిన పని పేరు పెట్టి చెప్పాలి: ‘అందరి ముందు గట్టిగా మాట్లాడాను, అలా చేయకూడదు’. వెంటనే కారణాలు చెప్పుకోవడం మొదలుపెడితే క్షమాపణ మళ్ళీ వాదనగా మారిపోతుంది.

అమర్యాద ఎదురైనప్పుడు ఏం చేయాలన్నది మిగిలిన ప్రశ్న. తన మీదే జరిగితే, గొంతు పెంచకుండా ఒకే వాక్యంలో అభ్యంతరం చెప్పడం ఎక్కువసార్లు పనిచేస్తుంది: ‘మీరు చెప్పేది వింటాను, ఏకవచనం వద్దు’. బదులు తిట్టడంతో జరిగేది గొడవే. ఆన్‌లైన్లో అయితే జవాబివ్వకుండా వదిలేయవచ్చు. అది ఓటమి కాదు, సమయాన్ని కాపాడుకోవడం.

ఇంకొకరి మీద జరుగుతున్నప్పుడు మౌనంగా ఉండకూడదు. చిల్లర దగ్గర బస్సు కండక్టరమ్మను ఒకరు బూతులు తిడుతుంటే బస్సులో నలభై మంది కిటికీలోంచి బయటికి చూస్తారు. తిట్టే మనిషిని సరిదిద్దడానికి పూనుకుంటే గొడవ పెరగవచ్చు. దానికన్నా తిట్లు తింటున్న మనిషి వైపు నిలబడడం సులువు, క్షేమం కూడా: ‘ఎంత చిల్లర కావాలమ్మా, నా దగ్గర ఉంది’ అంటూ మధ్యలోకి వెళ్ళడం, ఆమెతోనే మాట్లాడడం. తిట్టే మనిషి ఒంటరివాడవుతాడు, ఆమె ఒంటరిది కాదని బస్సుకంతటికీ తెలుస్తుంది. ఫిర్యాదు చేయవలసి వస్తే సాక్షిగా తన ఫోన్ నంబరు ఆమెకు ఇవ్వడం ఆ తర్వాతి పని.